చిన్నకోడలి కంచం, పిల్లల ఎత్తు

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లలు వయసుకు తగిన ఎత్తు ఎదగకపోవడానికి పేదరికం, మురికినీరు, మరుగుదొడ్లు లేకపోవడం కారణాలని వింటూనే ఉన్నాం. అవి నిజమే. అయితే ఒకే ఇంట్లో, ఒకే బావి నీళ్ళు తాగుతూ పెరిగే అన్నదమ్ముల పిల్లల మధ్య కూడా తేడా ఉంటే ఏమనాలి? ఆర్థికవేత్త రీతికా ఖేరా, మరో ఇద్దరు పరిశోధకులు డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్‌తో కలిసి 2022లో ప్రచురించిన పత్రం, మన దేశ గ్రామీణ ఉమ్మడి కుటుంబాల్లో చిన్నకోడలి పిల్లలు పెద్దకోడలి పిల్లల కంటే సగటున పొట్టిగా ఉంటున్నారని చూపింది. చిన్నకోడలికి ఇంట్లో మాట చెల్లదు, గడప దాటే వీలు తక్కువ, ఒంట్లో కండ కూడా తక్కువేనని ఆ పత్రం చెబుతోంది.

అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు. ఒక మధ్యాహ్నం ఐదో నెల గర్భిణి ఇంటికి వెళ్ళేసరికి, అందరి భోజనాలూ అయ్యాక ఆమె గిన్నె అడుగున మిగిలిన అన్నంలో చారు పోసుకుని తింటోంది. గుడ్లేవమ్మా అంటే, బావగారి పిల్లలకు ఉడికించి పెట్టానంది. అత్తగారు చెడ్డమనిషేమీ కాదు. ఆవిడా కోడలిగా ఉన్నప్పుడు అలాగే తిన్నది.

అందుకే సరుకులు ఇంటికి పంపడం కంటే, తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలా గుడ్డు, పాలతో పూర్తి భోజనం అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టడం మేలని నా నమ్మకం. కాకపోతే బయటికి పంపని ఇంటి కోడలికి ఆ భోజనమూ అందదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో తగిన ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం ఉన్నారు. గర్భం దాల్చే నాటికే మన దేశ స్త్రీలలో 42.2 శాతం మంది తక్కువ బరువుతో ఉన్నారని పైన చెప్పిన డయాన్ కాఫీ 2015లో లెక్కగట్టారు. ఆఫ్రికాలో సహారాకు దిగువనున్న దేశాల్లో అది 16.5 శాతమే.

కాబట్టి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిని గర్భం రాకముందే తూచి, ఆ బరువును రిజిస్టరులో రాయించాలని రెండు రాష్ట్రాల స్త్రీ, శిశు సంక్షేమ శాఖలను కోరుతున్నాను. వారం రోజులు కేంద్రానికి రాని గర్భిణి ఇంటికి కార్యకర్త వెళ్ళి, ఎందుకు పంపలేదని భర్తనూ అత్తగారినీ అడిగే ఏర్పాటు కూడా ఉండాలి.

ఇట్లు,
విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్,
నల్గొండ జిల్లా