పెళ్లిచూపుల్లో ఐ-140 సంగతి కూడా అడగండి

సంపాదకుల గారికి నమస్కారం.

"అబ్బాయి అమెరికాలో, హెచ్-1బి మీద ఉన్నాడు" అనగానే మన ఇళ్లలో మిగతా ప్రశ్నలు ఆగిపోతాయి. ఆరేళ్ల క్రితం మేమూ అలాగే ఆగిపోయాం. జీతం అడిగాం, జాతకాలు చూపించాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా పెద్దమ్మాయి అక్కడికెళ్లాక పని చేయొచ్చా అని మాత్రం గట్టిగా అడగలేదు. "అందరూ చేసుకుంటున్నారండీ" అన్నారు మధ్యవర్తి. అది సగమే నిజం.

హెచ్-1బి ఉద్యోగి భార్యకిచ్చే హెచ్-4 వీసాతో వెళ్లినవాళ్లకి వెళ్లగానే పని చేసే హక్కు రాదు. 2015 మే నుంచి కొందరికి ఈఏడీ కార్డు, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, ఇస్తున్నారు. దానికి భర్త గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఐ-140 (అతని కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయి ఉండాలి, లేదా ఆ ప్రాసెస్ నడుస్తూ, హెచ్-1బికి ఉండే ఆరేళ్ల పరిమితి దాటాక దానికి పొడిగింపు వచ్చి ఉండాలి. మా అల్లుడికి అప్పటికి ఏదీ లేదు. మా అమ్మాయి మూడేళ్లు ఇంట్లోనే ఉంది. మొదటి జీతంతో నాకు చీర కొన్న పిల్ల, నా పుట్టినరోజుకి ఏదైనా పంపాలన్నా అల్లుడి బ్యాంకు కార్డు వాడాల్సి వస్తోందని ఒకసారి ఫోన్‌లో ఏడ్చింది. అల్లుడు చాలా మంచివాడు. అయినా ఆ బాధ వేరు.

తర్వాత ఈఏడీ కార్డు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇంతలో ఇంకో దెబ్బ. ఇదివరకు కార్డు గడువు తీరేలోపు రెన్యువల్‌కి పెట్టుకుంటే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు ఉన్నంత మేరకు, 540 రోజుల దాకా పని చేసుకునే వీలుండేది. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు ఆ వెసులుబాటు తీసేశారు. మా అమ్మాయి నవంబర్‌లో పెట్టుకుంది. సంక్రాంతి వెళ్లిన వారానికే పాత కార్డు గడువు అయిపోయింది. ఆ రోజు వీడియో కాల్‌లో డైనింగ్ టేబుల్ మీద అట్టపెట్టె కనిపించింది. ఆఫీసు లాప్‌టాప్ వెనక్కి పంపడానికి టేపు వేస్తోంది. వాళ్ల పక్క ఫ్లాట్‌లో ఎల్-2 మీద (కంపెనీయే అమెరికాకి బదిలీ చేసిన ఉద్యోగి భార్యకిచ్చే వీసా) ఉన్న అమ్మాయికి అసలు ఈ కార్డే అక్కర్లేదు. 2021 నవంబర్‌లో కోర్టు కేసు రాజీతో వాళ్లకి ఆ హక్కు వచ్చింది. హెచ్-4 వాళ్లకీ అలాగే ఇవ్వమని మన ప్రభుత్వం గట్టిగా అడగాలి.

అంతవరకూ ఆగలేం కదా. ఆదివారం మీరు పెళ్లి సంబంధాల ప్రకటనలు వేసే పేజీలోనే ఈ నిబంధనలు తేలిక తెలుగులో వేయండి. ఐ-140 అయిందా, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో చోటు చెప్పే తేదీ) ఎప్పటిది, మధ్యలో ఉద్యోగం ఆగితే ఇల్లు ఎలా నడుస్తుంది, ఈ మూడూ ఆడపిల్లవాళ్లు ముందే అడగాలి.

మా రెండో అమ్మాయికి ఇప్పుడు సంబంధాలు వస్తున్నాయి. మొన్న వచ్చినవాళ్లని అడిగాను. అబ్బాయి తండ్రి కాస్త నొచ్చుకున్నారు. అబ్బాయే ఫోన్ తీసుకుని అన్నీ వివరంగా చెప్పాడు.

– ఒక తల్లి, తెనాలి