క్లాండన్‌ను కాల్చిన సందులు: బ్రిటన్ సాంస్కృతిక, మీడియా, క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఇంగ్లండ్‌లోని సర్రీ కౌంటీలో క్లాండన్ పార్క్ అనే పాత భవంతి 2015 ఏప్రిల్ 29న తగలబడింది. మంట పుట్టింది నేలమాళిగలోని కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో. అంత చిన్న చోట రాజుకున్న నిప్పుకి పైకప్పు దాకా దారి ఇచ్చినవి లిఫ్టు గొయ్యి, గోడల్లోని ఖాళీలు. ఆర్కిటెక్ట్ జాకొమో లియోనీ గీసిన 18వ శతాబ్దపు భవంతి తెల్లారేసరికి మొండిగోడలైంది. స్పీకర్స్ పార్లర్ అనే గది ఒక్కటే దాదాపుగా మిగిలింది.

మీరిచ్చే మరమ్మతు నిధుల్లో కొంత ఈ కనబడని సందులకే కేటాయించమని మా విన్నపం. చెక్క తాపడం వెనక, నేలపలకల కింద, పనివాళ్ళను పిలిచే గంటల తీగలు ఒకప్పుడు నడిచిన దారుల్లో ఏ ఖాళీ ఎక్కడికి తేలుతుందో ముందు పటం గీయాలి. తాపడం ఊడదీయక్కర్లేదు. ఒక నేలపలక లేపి సన్నటి గొట్టం కెమెరా దూరిస్తే చాలా వరకు తెలుస్తుంది.

పూడ్చేటప్పుడే ఎక్కువ చెడుతుంది. మామూలు పాలీయురెథేన్ ఫోమ్ కొడితే అదే మండుతుంది, పైగా చెమ్మను పట్టి ఉంచుతుంది. సిమెంటు మెత్తితే సున్నపు గోడలో తడి ఆరక దూలాల కొనలు కుళ్ళుతాయి. మండని రాతి ఊలు, అంటే రాక్‌వూల్‌ను బిగుతుగా కూరాలి. రేపు అవసరమైతే తీసేయవచ్చు. పైకప్పు అంచుల్లో గాలి ఆడాలి కాబట్టి అక్కడ పూర్తిగా మూయకూడదు, వేడికి ఉబ్బి సందు మూసుకునే పట్టీలు వేయాలి. ఇంత చేసినా, తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ కొత్త కేబుల్ కోసం బెజ్జం వేసి వదిలేస్తే పనంతా వృథా. బెజ్జం వేసిన రోజే మూయించి, ఫొటో తీసి ఉంచాలి.

రెండోది పైకప్పు మీద నిప్పు పని. వెస్ట్ ససెక్స్‌లోని అప్‌పార్క్ భవంతి 1989 ఆగస్టు 30న కాలింది సీసపు రేకుల పని వల్లే, అదీ మరమ్మతులు ముగింపుకొచ్చిన వేళ. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, దాన్ని అతికే గ్యాస్ టార్చి మంట వేడి దానికి ఎన్నో రెట్లు. రేకు కింది చెక్క పొగ కూడా కనబడకుండా గంటల తరబడి రగులుతుంది. అందుకే అతుకులు వీలైనంత వరకు కిందే, షెడ్డులో వేయించాలి. పైన తప్పదంటే మధ్యాహ్నానికల్లా ఆపించి, ఆ తర్వాత కనీసం గంట సేపు మనిషిని కాపలా ఉంచాలి. ఈ షరతు లేకుండా నిధులు విడుదల చేయకండి.

క్లాండన్‌లో మంట గోడల పొరలు ఒలిచేసింది. ఏ సందు ఎటు పోయిందో అక్కడ కంటికే కనబడుతుంది. పాత భవంతులున్న ప్రతి కౌంటీ నుంచి ఫైర్ సిబ్బందినీ, మేస్త్రీలనూ, ఎలక్ట్రీషియన్లనూ అక్కడికి పంపి చూపించండి.

ఇట్లు,
పాత కట్టడాల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువాళ్ళం