వైరస్ విత్తనం వంటిది కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

గత ఆదివారం మీ పత్రికలో వైరస్‌లపై వచ్చిన వ్యాసం చదివాను. డబ్బాలో పోసి ఉంచిన విత్తనం నెలల తరబడి చలనం లేకుండా ఉండి, తడి తగలగానే మొలకెత్తినట్టే వైరస్ కూడా కణంలోకి చేరగానే మేల్కొంటుందనీ, అందువల్ల దాన్ని నిద్రావస్థలో ఉన్న జీవిగానే లెక్కించాలనీ వ్యాసకర్త వాదించారు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలాకాలం జీవశాస్త్రం బోధించిన నేను కూడా మొదట్లో తరగతి గదిలో ఇదే పోలిక చెప్పేవాడిని. తప్పని తెలిసి మానుకున్నాను కనుక, కారణం వివరించవలసిన బాధ్యత నాపై ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెసరగింజ ఎంత ఎండినా దానిలో కణాలుంటాయి, ఆ కణాల్లో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములుంటాయి, బద్దల్లో మొలకకు సరిపడే ఆహారం ఉంటుంది. బయటి నుంచి దానికి కావలసింది నీరు, గాలి, తగినంత వెచ్చదనం. వైరస్‌కు ఈ సరంజామా ఏదీ లేదు. జన్యు ఆదేశాలను మోసే కొంత న్యూక్లిక్ ఆమ్లం, దాని చుట్టూ ప్రోటీన్ తొడుగు, కొన్నింటికి ఆ పైన ఒక కొవ్వు పొర, అంతే. కణంలోకి వెళ్లాక మేల్కొంటుందనడం మరీ పొరపాటు. లోపలికి చేరిన వైరస్ తొడుగు విప్పుకుని విడిపోతుంది. ఆ తర్వాత కొంతసేపు ఆ కణాన్ని చిదిమి వెతికినా సాధారణంగా మరో కణానికి సోకగల వైరస్ దొరకదు. వచ్చిన ఆదేశాల ప్రకారం ఆ కణమే తన రైబోజోములతో, తన శక్తితో విడిభాగాలు తయారుచేస్తే, అవి కూడుకుని కొత్త వైరస్‌లవుతాయి. 1955లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు పొగాకు మొజాయిక్ వైరస్‌ను ప్రోటీన్‌గా, ఆర్‌ఎన్‌ఏగా (దానిలోని న్యూక్లిక్ ఆమ్లం) విడదీసి తిరిగి కలిపితే, పొగాకు ఆకులకు మళ్లీ సోకే వైరస్ ఏర్పడింది. పెసరపిండిని పెసరగింజగా మార్చగలిగినవారు ఇంకా పుట్టలేదు.

అయితే వైరస్ నిర్జీవి అనడానికి మన నోట్సుల్లో కనిపించే కారణాలన్నీ గట్టివని నేను అనను. స్ఫటికంగా మారుతుంది కనుక ప్రాణం లేదనేది వాటిలో మొదటిది. 1935లో వెండెల్ స్టాన్లీ అనే శాస్త్రవేత్త పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికరూపంలో వేరుచేసి, అది ప్రోటీన్ మాత్రమేననుకున్నారు. మరుసటి ఏడాదే బాడెన్, పిరీ అనే శాస్త్రవేత్తలు దానిలో ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందని చూపించారు. స్ఫటికం కావడం ఆ వైరస్ కణికలన్నీ ఒకే తీరుగా ఉన్నాయని చెబుతుందే తప్ప ప్రాణం సంగతి తేల్చదు. మరొక జీవి లేనిదే బతకలేదన్న కారణమూ చాలదు, ఎందుకంటే టైఫస్ జ్వరానికి కారణమైన రికెట్సియా అనే బాక్టీరియా కూడా పరాయి కణం లోపలే పెరుగుతుంది. కానీ దానికి సొంత రైబోజోములున్నాయి, అది రెండుగా చీలి వృద్ధి చెందుతుంది. గీత గీయవలసింది అక్కడే అని నా అభిప్రాయం.

ఆ గీత దగ్గర నన్ను కాస్త తడబడేలా చేసేది మిమివైరస్. 1992లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక కూలింగ్ టవర్ నీటిలోని అమీబాలలో దొరికిన దీన్ని చాలా ఏళ్లపాటు బాక్టీరియా అనుకున్నారు. వైరస్ అని 2003లో ప్రకటించారు. దాని జన్యుపదార్థం సుమారు 12 లక్షల క్షారజతలు (జన్యుపదార్థం పొడవును కొలిచే లెక్క), అంటే కొన్ని బాక్టీరియాలకన్నా ఎక్కువ. ప్రోటీన్ తయారీలో పాలుపంచుకునే కొన్ని జన్యువులు సైతం దానిలో ఉన్నాయి, కానీ రైబోజోము మాత్రం లేదు. వైరస్‌లు ఉత్పరివర్తనం చెందుతాయనీ (వాటి జన్యువులు మారుతుంటాయనీ), మేలైనవాటిని నిలిపే ప్రకృతివరణం వాటిమీదా పనిచేస్తుందనీ డెల్టా, ఒమిక్రాన్‌లను చూసిన తరానికి వేరే చెప్పనక్కరలేదు. పరిణామ కథలో వాటికి చోటుంది. ఆ చోటు ఇవ్వడానికి వాటిని జీవులని పిలవనక్కరలేదు.

ఈ చర్చ పరీక్ష పేపరుకే పరిమితమైతే నేను ఇంత రాసేవాడిని కాను. 2020లో దాదాపు అన్ని పత్రికలూ వైరస్ ప్లాస్టిక్‌పై మూడు రోజులు 'బతికి ఉంటుంది' అని రాశాయి. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌ను 'చంపిన వైరస్' టీకా అన్నారు. 'సోకే శక్తి నిలిచి ఉంటుంది', 'నిర్వీర్యం చేసిన వైరస్' అని రాస్తే పాఠకులకు అర్థం కాకపోదు. మాట వల్ల నష్టమూ ఉంది. మినుములో వైరస్ వల్ల వచ్చే పల్లాకు తెగులు కనిపించగానే వైరస్‌ను చంపే మందు ఇమ్మని పురుగుమందుల దుకాణంలో అడిగే రైతులను మా ప్రాంతంలో ఏటా చూస్తున్నాను. సోకిన మొక్కను బాగుచేసే పిచికారీ లేదు. ఆ మొక్కలను పీకివేసి, తెగులును మోసుకుతిరిగే తెల్లదోమను అదుపు చేయాలి. చంపే మందు అడిగిన వాళ్ల చేతిలో దుకాణదారు ఏదో ఒక సీసా పెట్టి పంపుతున్నాడు. మీ వ్యవసాయ పేజీలో ఈ సంగతిని వచ్చే మినుము పంటకాలంలోపు ఒకసారి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి