టండ్రాలో గడ్డి మొలిచిందా?

సంపాదకుడు గారికి,

ఉత్తర అమెరికాలో స్నో గూస్ అనే తెల్ల పెద్దబాతుల వేట మీద పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. ‘ఆవాసం కాపాడటానికి పక్షుల్ని చంపడం సబబేనా?’ అని చివర్లో పాఠకుల్ని అడిగారు. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం ‘నోరులేని జీవాలు, పాపం’ అంటున్నాయి. మిగతా సగం ‘మితిమీరితే తగ్గించక తప్పదు’ అంటున్నాయి. రెండు వైపులవాళ్లూ కాస్త తొందరపడ్డారనిపించి ఇది రాస్తున్నాను.

నేను మిస్సోరీలోని కాన్సాస్ సిటీలో ఉంటాను. ఉత్తరంగా గంటన్నర డ్రైవ్ చేస్తే లోయెస్ బ్లఫ్స్ అనే పక్షుల రక్షిత ప్రాంతం వస్తుంది. ఫిబ్రవరిలో వీలైనప్పుడల్లా వెళ్తాను. దూరం నుంచి చెరువంతా మంచు పరిచినట్టుంటుంది, దగ్గరికెళ్తే అది కదులుతుంది. గుంపంతా ఒక్కసారి లేచిందంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. కొన్ని సీజన్లలో పది లక్షలకు పైగా లెక్కపెట్టారక్కడ. బైనాక్యులర్స్‌లో చూస్తే చాలావాటికి నల్లటి రెక్కల కొసలు తప్ప ఒళ్లంతా తెలుపే గానీ కొన్నిటికి మొహం మాత్రం తుప్పు రంగు. మొదట్లో మురికి అనుకున్నాను. బురదలో మొహం పెట్టి వేర్లు పెకలించేటప్పుడు మట్టిలోని ఇనుము అంటుకుని అలా అవుతుందట. ముక్కుకి పక్కన నల్లటి చీలిక, దాని అంచున రంపపు పళ్లలాంటివి ఉంటాయి. అసలు గొడవంతా ఆ పళ్లతోనే.

వసంతంలో ఇవి ఉత్తర కెనడాలో హడ్సన్ బే తీరపు టండ్రాకి, అంటే చెట్లు పెరగని చలి నేలలకి, చేరేసరికి అక్కడ పచ్చిక ఇంకా లేచి ఉండదు. దాంతో గడ్డిని వేళ్లతో సహా పీకి తింటాయి. కప్పు పోయిన నేలకు ఎండ తగిలి తేమ ఆవిరైపోతుంటే, అడుగున ఉన్న పాత సముద్రపు బంకమట్టిలోని ఉప్పు పైకి లేస్తుంది. సేద్యం తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, చౌడు తేలుతుంది. ఇక అక్కడ గడ్డి పట్టదు, విల్లో పొదలు కూడా నిలువునా ఎండిపోతాయి. అక్కడి మానిటోబా రాష్ట్రంలో చర్చిల్ ఊరి దగ్గరున్న లా పెరూజ్ బేలో పరిశోధకులు ఈ మార్పును దశాబ్దాలపాటు గమనించారు. పక్షులు దూరకుండా కంచె వేసిన చిన్న మడి లోపల పచ్చగా, చుట్టూ బోడి మట్టిగా ఉన్న ఫొటోలు చూశాక వేట విషయంలో నేనూ మెత్తబడ్డాను. ఆ పొదల్లో గూళ్లు పెట్టుకునే సవానా పిచ్చుకలు అక్కడ బాగా తగ్గిపోయాయి. వాటికీ నోరు లేదు కదా.

ఇన్ని పక్షులు ఎలా వచ్చాయంటే, తిండి పెట్టింది మనుషులే. ఒకప్పుడు ఇవి చలికాలమంతా గల్ఫ్ తీరపు చిత్తడి నేలల్లో ఉన్నదేదో తిని గడిపేవి. తర్వాత టెక్సస్, లూసియానా, ఆర్కాన్సాల వరి పొలాలు, ఇటువైపు మొక్కజొన్న పొలాలు దొరికాయి. కోత యంత్రాలు రాల్చిన గింజల్ని పరిగె ఏరుకుంటూ, బాగా కొవ్వు పట్టి, ఉత్తరానికి ఎగిరిపోవడం మొదలైంది.

జనాభాను దాదాపు సగానికి తగ్గించాలని 1997లో నిపుణుల నివేదిక చెప్పింది. 1999లో అమెరికా ప్రభుత్వం వేట నిబంధనలు సడలిస్తే జంతు సంక్షేమ సంస్థ కోర్టుకెళ్లింది. చివరికి అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టమే చేసింది, ఆ నవంబర్లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టారు. దాంతో మామూలు సీజన్ ముగిశాక కూడా వసంతంలో వేటాడొచ్చు. రోజుకి ఇన్నే అన్న పరిమితి లేదు, తుపాకీలో మూడు తూటాలే అన్న షరతు లేదు, రికార్డు చేసిన అరుపులు స్పీకర్లో పెట్టి గుంపుల్ని దింపుకోవచ్చు. వేరే చాలా వలస పక్షుల వేటలో ఇవన్నీ కలిపి చేస్తే కేసే.

ఇక్కడ ‘తగ్గించక తప్పదు’ అనే రెండో పక్షంవాళ్లు ఒక లెక్క చూడాలి. వేటలో చచ్చే పక్షుల సంఖ్య బాగా పెరిగిన మాట నిజమే. కానీ మంద అంతకంటే వేగంగా పెరిగింది, కాబట్టి ప్రతి వందలో తుపాకీకి దొరికేవి పెరగకపోగా తగ్గాయి. ఎదిగిన పక్షుల బతుకు మీద వేట ప్రభావం పెద్దగా కనపడలేదని పరిశోధకులే 2011లో తేల్చారు. ఈమధ్య మంద తగ్గుతోంది, నిజమే. దానికి ముఖ్య కారణం ఆర్కిటిక్‌లో ఏటా పెరిగి పెద్దయ్యే పిల్లలు తగ్గిపోవడం. అది మాత్రం తుపాకీ ఘనత కాదు.

నేను వేటకు వ్యతిరేకిని కాను, చంపింది తింటే. కెనడాలో జేమ్స్ బే ప్రాంతపు క్రీ అనే ఆదివాసులు వసంతంలో గూస్ వేట కోసం బడులకే సెలవులిస్తారు. పిల్లలు వెళ్తారు, ఈకలు పీకడం నేర్చుకుంటారు, ఇంటిల్లిపాదీ తింటారు. దాంతో నాకు ఏ పేచీ లేదు. మా వైపు మాత్రం కొందరు వేటగాళ్లు ఈ పక్షిని ‘స్కై కార్ప్’ అంటారు, ఆకాశంలో తిరిగే పనికిమాలిన చేప అని అర్థం. అలా పిలిచేదాన్ని ఎవరు ఇష్టంగా వండుకుంటారు? ఒక సాయంత్రం పొలం గట్టున ట్రక్కు వెనక పేర్చిన పక్షుల్ని చూసి, ఇన్నేం చేస్తారని అడిగాను. ఆయన నవ్వి, ‘టండ్రాని కాపాడుతున్నాం సార్’ అన్నాడు. ఎన్ని కాపాడారో లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర ఆపేశాను.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను: వేట ఉండనివ్వండి, రోజువారీ పరిమితి మాత్రం తిరిగి పెట్టాలి. ఒక మనిషి, ఒక కుటుంబం తినగలిగినన్నే. అపరిమితంగా కాల్చే అనుమతిని ‘సంరక్షణ’ పేరుతో పొడిగించాలంటే, దానివల్ల నేల బాగుపడుతోందని చూపించాకే పొడిగించాలి. మీరు ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు ఈ ఏడాది ఎన్ని పక్షులు పడ్డాయో వేస్తే వేయండి, దాంతోపాటు లా పెరూజ్ బేలో ఆ కంచె బయట గడ్డి మొలిచిందో లేదో కూడా ఒక లైను వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాన్సాస్ సిటీ