గ్యాంగ్‌మన్ల ఇంటి చరిత్రను తుక్కులో వేయకండి

సంపాదకుడు గారికి,

నేను రైల్వేలో కీమన్‌గా పనిచేసి 2011లో రిటైరయ్యాను. సుత్తి భుజాన వేసుకుని, పట్టాలను బిగించి ఉంచే ఇనుప 'కీ'లు వదులయ్యాయేమో చూసుకుంటూ నడవడం నా ఉద్యోగం. మా నాన్న పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్, తాతా గ్యాంగ్‌మనే. తాతకు జీతమిచ్చింది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. నాన్న చేరిన 1944లోనే దాన్ని ప్రభుత్వం తీసుకుంది. 1951లో సదరన్ రైల్వే అయింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. బోర్డులు ఎన్ని మారినా మా ముగ్గురి చెమటా గోదావరికి ఇవతల అదే లైను మీద పడింది.

1981లో నాన్న రిటైర్మెంటు సెటిల్మెంట్‌కు తోడుగా ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా సర్వీసు రిజిస్టరు తెరిచాడు. మొదటి పేజీలో నాన్న పేరు, తండ్రి పేరు, నివాసం, ఎత్తు, పుట్టుమచ్చలు, కింద ఎడమచేతి అయిదు వేళ్ల ముద్రలు. తండ్రి నివాసం దగ్గర మా ఇంట్లో ఎన్నడూ వినని ఊరి పేరు ఇంగ్లీషులో ఉంది. అదేమిటని అడిగితే, "మీ తాత కరువుకు వదిలేసి వచ్చిన ఊరురా" అన్నాడు నాన్న. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. నాన్నకు రావాల్సిన డబ్బు మీదే ధ్యాస, ఆ పేరు రాసుకోవాలని తోచలేదు. చివర 'పాడు' అని ఉందన్నది ఒక్కటే గుర్తు. మన జిల్లాల్లో 'పాడు'తో ముగిసే ఊళ్లు ఎన్నో తమరికి చెప్పాలా!

రిటైరయ్యాక ఆ రిజిస్టరు కోసం తిరిగాను. ఒక ఆఫీసులో గడువు తీరిన కట్టలు తీసేశామన్నారు, ఇంకోచోట చెదలు తిన్నాయన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, గదులు చాలవు. 2021 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఏటా అక్టోబరులో పాత ఫైళ్ల ఏరివేత ప్రత్యేకంగా జరుగుతోంది. శుభ్రత మంచిదే. కాని ఆ కట్టల్లో ఏం పోతోందో ఎవరైనా చూస్తున్నారా?

వంశావళి చెప్పడానికి కొన్ని కులాలకు పిచ్చకుంట్లవారు ఉన్నారు. హరిద్వార్‌లో పండాలనే తీర్థ పురోహితుల బహీల్లో, అంటే ఖాతా పుస్తకాల్లో, తరాల పేర్లుంటాయి. ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చిన దొరల వివరాలను వాళ్ల మునిమనవలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో వెతుక్కుంటున్నారు. భూమి లేదు కాబట్టి మాకు పట్టాదారు పుస్తకం లేదు, చదువు లేదు కాబట్టి ఉత్తరాలూ లేవు. మా పూర్వీకుల పేరు రాసిన కాగితం ఏదైనా ఉందంటే ఆ రిజిస్టరే.

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం 1892కు ముందు పుట్టిన రికార్డులకు గట్టి రక్షణే ఇచ్చింది. మా తాత కంపెనీలో చేరింది 1920 దాటాక. ముప్పై ఏళ్లు ఆలస్యంగా పుట్టాడు పాపం! ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవారి సర్వీసు వివరాలు హెచ్‌ఆర్‌ఎంఎస్ పేరుతో కంప్యూటర్‌కెక్కాయి. చనిపోయినవాళ్లను ఎక్కించినవారు నాకు కనబడలేదు.

నేను రిజిస్టరంతా దాచమనడం లేదు. సెలవుల లెక్కలు, ఇంక్రిమెంట్లు ఎవరికీ అక్కర్లేదు. తుక్కుకు వేసేముందు మొదటి పేజీ ఒక్కటి ఫోటో తీసి డివిజన్‌లో ఉంచాలి. ఫలానావారి వారసుణ్ని అని రుజువు చూపినవారికి నకలివ్వాలి. గుమాస్తా చేతిలోని ఫోను చాలు, టెండర్లు పిలవాల్సిన పని కాదు. రైల్వే కంపెనీ కాలం నాటివి ఎక్కడైనా మిగిలి ఉంటే వాటిని మాత్రం పూర్తిగా నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. రైల్వే యూనియన్లు బోనస్‌తో పాటు ఈ మాట కూడా ఒకసారి ఎత్తితే బాగుంటుంది.

ఈలోగా రిటైర్మెంటు పాసు మీద 'పాడు' ఊళ్లు తిరుగుతున్నాను. ఇప్పటికి ఏడయ్యాయి. ఒక ఊళ్లో మా ఇంటిపేరువాళ్లు రెండు గడపలున్నారు. వాళ్ల తాతల్లో ఒకరు రైలు పనికని వెళ్లి మళ్లీ రాలేదట. ఆయన పేరేమిటో వాళ్లకు గుర్తులేదు.

– ఒక విశ్రాంత కీమన్, నిడదవోలు