మెదడు దెబ్బతినక ముందే మందు అందించండి: తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎమ్మెస్) జబ్బుతో బాధపడుతున్న చెల్లెలికి అన్నగా ఈ లేఖ రాస్తున్నాను. వ్యాధి నిర్ధారణ అయిన తొలి నెలల్లోనే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ప్రభుత్వ బోధనాసుపత్రులన్నింటిలో ఉచితంగా అందేలా ఉత్తర్వులు ఇవ్వాలన్నది నా విన్నపం.

తొలి నెలల్లోనే అని పట్టుబట్టడానికి కారణం ఈ జబ్బు స్వభావమే. సూక్ష్మక్రిములతో పోరాడవలసిన టీ-కణాలు, బీ-కణాలు అనే రోగనిరోధక కణాలు రక్తం నుంచి మెదడులోకీ వెన్నుపాములోకీ చొరబడి, నాడీ తంతువులను కప్పి ఉండే మైలిన్ పొర మీద దాడి చేస్తాయి. పొర ఊడిన చోట సంకేతాలు నెమ్మదించి, చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. కొన్ని వారాలకు వాపు తగ్గి రోగి కోలుకున్నట్టే కనిపించడంతో, నరాల బలహీనత అనుకుని బలం మాత్రలతో సరిపెట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అయితే ఆ వాపులోనే మైలిన్ లోపలి తంతువులు కూడా తెగిపోతాయని 1998లోనే మెదడు కణజాల పరిశీలనలో తేలింది. మైలిన్ కొంతవరకు మళ్లీ ఏర్పడవచ్చు కానీ, మెదడులో తెగిన తంతువు తిరిగి అతకదు. ఏళ్లు గడిచేకొద్దీ మెదడులోనే స్థిరంగా ఉండే మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు పాత గాయాల అంచుల్లో నివురుగప్పిన నిప్పులా రగులుతూ నష్టాన్ని కొనసాగిస్తాయి. ఆ దశలో, రక్తంలోని కణాలను అదుపు చేసే మందుల ప్రభావం చాలా పరిమితం.

చాలాకాలం టీ-కణాలనే ప్రధాన దోషులుగా భావించారు. బీ-కణాలను తొలగించే రిటుక్సిమాబ్‌తో మెదడులో కొత్త గాయాలు బాగా తగ్గాయని 2008లో ప్రచురితమైన ప్రయోగం చూపాక ఆ అభిప్రాయం మారింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బుకు అత్యావశ్యక ఔషధాల జాబితాలో దీన్ని చేర్చింది. క్యాన్సర్ చికిత్స కోసం దీని బయోసిమిలర్‌ను, అంటే దాదాపు ఇలాగే పనిచేసే మందును, డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది. మన హైదరాబాద్ సంస్థ తయారుచేసే మందు మన రోగులకు సకాలంలో చేరడం అసాధ్యమైన కోరిక కాదనుకుంటాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును గుర్తించింది, అందుకు కృతజ్ఞులం. కానీ రిజర్వేషన్ల వంటి ముఖ్యమైన ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. అంతవరకూ రాకుండా ఆపగల మందు ఉన్నప్పుడు, సాయం వైకల్య సర్టిఫికెట్ దగ్గర మొదలుకావడం నాకు సమంజసంగా తోచడం లేదు.

ఈ మందు ఇన్ఫెక్షన్ల ముప్పును పెంచుతుంది కాబట్టి, ముందుగా హెపటైటిస్-బీ పరీక్ష, ఆ తర్వాత న్యూరాలజిస్టు పర్యవేక్షణ, నియమిత కాలంలో ఎమ్మారై స్కానింగ్ కూడా ఆ ఉత్తర్వుల్లో భాగం కావాలి. వరంగల్ ఎంజీఎం వంటి ఆసుపత్రులలోనూ ఈ ఏర్పాటు ఉంటే, నడవలేని రోగిని ప్రతి డోసుకూ రాజధానికి తీసుకువెళ్లే అవసరం ఉండదు.

ఇట్లు,
ఒక ఎమ్మెస్ రోగి అన్న,
హనుమకొండ