దిగాల్సిన స్టాపు దాటిపోయాక

లండన్,
29-9-2019, ఆదివారం

అరేయ్ శీనూ,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం జూన్‌లో వచ్చింది, ఇప్పుడు సెప్టెంబర్ కూడా అయిపోవచ్చింది. తప్పు నాదే. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఫోన్‌లో చెప్పేద్దామంటే, ఉత్తరాలకి ఫోన్ జవాబు కాదని నువ్వే కదా ఒట్టు పెట్టించుకున్నావు, రెండు ప్లేట్ల మిర్చి సాక్షిగా! భాస్కరన్న ఈ రాత్రి ఫ్లైట్‌కి హైదరాబాద్ వస్తున్నాడు. నాలుగింటికి మా ఇంటి ముందు కారు ఆపి ఈ కవరు తీసుకుంటానన్నాడు. ఇప్పుడు మూడు దాటింది.

నేను బాగున్నాను. ఉద్యోగం క్రోయ్‌డన్‌లోనే, గది మాత్రం స్ట్రెటమ్‌కి మార్చాను. చలి మొదలైంది. గోంగూర సీసా ఖాళీ. నిన్న ఎంగిలిపూల బతుకమ్మ ఫోటోలు అక్క పంపింది, తంగేడు పువ్వు చూసి ప్రాణం లేచొచ్చింది. అంతే, వేరే కబుర్లు లేవు.

ఇక అసలు విషయం. పది రోజులుగా ఎవరికి చెప్పాలో తెలియక కొట్టుకుంటున్నాను.

డేవ్ అని ఒక కుర్రాడున్నాడు, ర్యాపర్. వయసు 21. మా స్ట్రెటమ్‌లోనే పెరిగాడు. ఈ నెల 19న అతని మొదటి ఆల్బమ్‌కి మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. ఇక్కడ ఏటా ఒకే ఒక్క ఆల్బమ్‌కి ఇచ్చే పెద్ద బహుమతి అది. మర్నాడు ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి "మీ ఏరియా వాడే, వినలేదా?" అంది. వినలేదన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్తూ వినమని పేరు రాసిచ్చింది. ఆల్బమ్ పేరు "సైకోడ్రామా". మార్చి 8న విడుదలై నేరుగా నంబర్ వన్ అయిందట. ఆర్నెల్లుగా ఊరంతా మోగుతుంటే నాకు తెలియనే తెలియదు.

శుక్రవారం సాయంత్రం, 109 నంబర్ బస్సు, పై అంతస్తులో ముందు సీటు. వాన. నీకు తెలుసుగా, ముందు సీటు దొరికితే నేను ఇంకేమీ అడగను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదట పాట రాలేదురా, ఒక పెద్దమనిషి గొంతు వచ్చింది. 2018 జనవరి 23, మంగళవారం, డేవిడ్‌తో ఇది మొదటి సిట్టింగ్ అని చెప్తున్నాడు. థెరపిస్ట్ అన్నమాట, డేవిడ్ అంటే మన డేవే. ఎక్కడ మొదలుపెడదాం అని అడుగుతాడు. ఇక అక్కణ్ణుంచి పదకొండు పాటలు, దాదాపు 50 నిమిషాలు, ఆ కుర్చీలో కూర్చుని చెప్పుకున్నట్టే ఉంటాయి.

సైకోడ్రామా అనేది నిజంగానే ఒక చికిత్సట. మనిషి తనకు జరిగినదాన్ని ఊరికే చెప్పడం కాదు, మళ్ళీ నటించి చూస్తాడు. డేవ్ వాళ్ళ అన్న జైల్లో ఉన్నాడు, హత్య కేసులో యావజ్జీవం. డేవ్ ఇంకా స్కూల్లో ఉండగానే ఆ శిక్ష పడింది. ఆ అన్నకు జైల్లో ఇలాంటి చికిత్స జరిగింది. తమ్ముడు దాన్నే తీసుకుని ఆల్బమ్ మొత్తం అల్లాడు. ఆలోచించు! మనమైతే ఇంట్లో అలాంటిది జరిగితే పక్కింటివాళ్ళకి కూడా తెలియనివ్వం.

వాళ్ళది నైజీరియా నుంచి వచ్చిన కుటుంబం. అమ్మ నర్సు. టీనేజ్‌లో డేవ్ ఉండగా ఆవిడ ఒక కీబోర్డ్ కొనిచ్చిందట, ఇప్పుడు పాటల్లో పియానో తనే వాయిస్తాడు. 2016లో అతని పాట ఒకటి కెనడా ర్యాపర్ డ్రేక్ దాకా వెళ్ళింది, ఆయన దానికి తన గొంతు కలిపాడు. అక్కడితో ఎగిరిపోతాడనుకుంటాం కదా. మరుసటి ఏడాదే ఏడు నిమిషాల పాట కట్టి ప్రధానిని నేరుగా నిలదీశాడు, నర్సుల బతుకుల గురించి, గ్రెన్‌ఫెల్ అపార్ట్‌మెంట్ కాలిపోవడం గురించి. వాళ్ళమ్మ కష్టం కూడా అందులో ఉంది. దానికి ఐవర్ నొవెల్లో అవార్డు వచ్చింది, పాటలు రాసేవాళ్ళకి ఇక్కడ ఇచ్చేది. నిరుడు ఫ్రెడో అనే ఇంకో ర్యాపర్‌తో కలిసి పాడిన "ఫంకీ ఫ్రైడే" నంబర్ వన్. ఈ జూన్‌లో గ్లాస్టన్‌బరీ జాతరలో (జాతరే అది, మన మేడారమే అనుకో, బురదతో సహా) జనంలోంచి ఒక పదిహేనేళ్ళ పిల్లాణ్ణి స్టేజి ఎక్కించాడు. వాడు ఒక్క మాట తడబడకుండా పాటంతా అప్పజెప్పాడు. వీడియో చూడు. డేవ్ మొహం చూడు, వాడికంటే ఇతనికే ఎక్కువ సంతోషం.

ఎక్కడున్నాను... బస్సులో. రెండో పాట పేరే "స్ట్రెటమ్". మూడోది "బ్లాక్". నల్లవాడిగా బతకడమంటే ఏమిటో చెప్పే పాట. రేడియోలో వేస్తే కొందరు ఫిర్యాదులు చేశారట. లండన్ యాస కదా, నాకు మాటలు సగమే అందాయి, తర్వాత మూడుసార్లు విన్నాను.

మా స్టాపు దగ్గరపడుతుంటే తొమ్మిదో పాట మొదలైంది. "లెస్లీ". పదకొండు నిమిషాల పాట శీనూ! ర్యాప్‌లో పదకొండు నిమిషాలు ఎవరు వింటారు? విన్నాను. ఒక అమ్మాయి కథ. ప్రేమించినవాడే నరకం చూపిస్తుంటాడు, కడుపుతో ఉంటుంది. అరుపుల్లేవు, డప్పుల్లేవు, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్తున్నట్టు చెప్తాడు. నా వేలు ఎర్ర బటన్ మీదే ఉంది. నొక్కలేదు. స్టాపు వెళ్ళిపోయింది. అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి, బయట దీపాలన్నీ పచ్చగా ఎర్రగా చెదిరిపోయి కనపడుతున్నాయి. నాకు మాత్రం మన హాస్టల్ వెనక మేడ కనపడింది.

నీకు గుర్తుందిగా. రాత్రి తొమ్మిదిన్నర. కిటికీ. మనం రేడియో సౌండ్ పెంచేవాళ్ళం. పెంచింది నేనే, నువ్వు ఒకసారి వద్దన్నావు కూడా. మర్నాడు పొద్దున ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తుంటే మనం నీళ్ళ ట్యాంకు వైపు తిరిగి పళ్ళు తోముకునేవాళ్ళం. పేరేమిటో కూడా అడగలేదు. మనకి పంతొమ్మిదేళ్ళు. డేవ్ ఆ పాట రాసేసరికి అతనికీ ఇరవై మాత్రమే. పాట చివర్లో, ఇలాంటి ఇంట్లో చిక్కుకున్న ఆడవాళ్ళతో నేరుగా మాట్లాడతాడు, సాయం అడగమని బతిమాలతాడు. నేనైతే...

సరే. ఆమె ఇప్పుడు ఎక్కడుందో నీకు తెలిసే అవకాశం ఉందా? ఆ వీధిలో కిరాణా కొట్టు ఇంకా ఉందంటే అడిగి చూడు. నిజంగా అడుగుతున్నాను.

బస్సు ఆఖరి స్టాపు బ్రిక్స్‌టన్. డేవ్ పుట్టింది అక్కడేనట. దిగి ట్యూబ్ స్టేషన్ దగ్గర గోడవారగా నిలబడ్డాను. చివరి పాట "డ్రామా" నడుస్తోంది. అందులో జైలు నుంచి ఫోన్‌లో అన్న గొంతు వినిపిస్తుంది. నిజమైన అన్న, నిజమైన ఫోన్. ఆ గరగరలో తమ్ముడి మీద ఎంత గర్వమో! చుట్టూ జనం తోసుకుంటూ పోతున్నారు, ఒకతను అగరొత్తులు అమ్ముతున్నాడు, నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. బహుమతి తీసుకునేటప్పుడు కూడా అమ్మను స్టేజి మీదకి పిలిచి, అన్నను తలుచుకున్నాడు.

నువ్వు మీ అన్నతో మాట్లాడుతున్నావా? పొలం సంగతి కాదు, మామూలుగా. రాయాలనిపిస్తే రాయి, లేకపోతే వదిలెయ్.

నీ నల్ల నోట్‌బుక్ ఎక్కడుంది? "బోరింగు కాడ" అని మొదలుపెట్టావు చూడు, నాలుగు చరణాలు, గొడుగు సార్ క్లాసులో వెనక బెంచీ మీద దరువేసి వినిపించావు, అది పూర్తయిందా? నాకు రెండో చరణం ఇంకా నోటికొచ్చు. బస్సు దిగి నడుస్తూ అదే పాడుకున్నాను. మిగతాది పంపు. బాగుందో లేదో చూసుకోకు, ఉన్నది ఉన్నట్టు పంపు.

కవర్లో సీడీ పెడుతున్నాను. నీ పాత ప్లేయర్ పనిచేస్తోందిగా? మొదటి పాట నుంచి వరుసగా విను, మధ్యలో ఆపకు, పక్కన ఎవరూ లేనప్పుడు విను. "లెస్లీ" విన్న రాత్రే నాకు

హారన్ కొడుతున్నాడు భాస్కరన్న, పదిహేను నిమిషాలు ముందే వచ్చేశాడు. అమ్మకి నమస్కారాలు చెప్పు. మిగతాది ఇంకో ఉత్తరంలో

నీ
రఘు